చిక్కులమ్మ విప్పిన గొంతు

చిక్కులమ్మకు ఆ పేరు పెట్టింది వాళ్లమ్మే. ఆవిడ ఇంట్లో బట్టలు కుట్టేది. దారపు రీళ్లు డబ్బాలో ఒకదానిలో ఒకటి దూరి ముద్దగా తయారైనప్పుడల్లా విసుక్కుంటూ కత్తెర కోసం వెతుక్కునేది. ఆ లోపే ఈ పిల్ల ఆ ముద్దను ఎత్తుకెళ్లి కిటికీ పక్కన ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చూపు ఎక్కడో ఉండేది. నోరు కొంచెం తెరుచుకుని ఉండేది. వేళ్లు మాత్రం వాటి పాటికి అవి కదులుతూ ఉండేవి.

"విప్పుతోందో, కునుకు తీస్తోందో ఆ దేవుడికే తెలియాలి. సాయంత్రానికి మాత్రం దారం చేతికిస్తుంది మా చిక్కులమ్మ" అని అమ్మ పక్కింటివాళ్లతో చెప్పి నవ్వేది.

ఆ పేరు బడికి పాకింది, కాలేజీకి పాకింది, చివరికి ఉద్యోగం చేసే ఆసుపత్రికీ వచ్చి చేరింది. నలభై దాటి, కళ్లజోడు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని డాక్టర్లు కూడా "చిక్కులమ్మగారూ" అనే పిలిచేవారు. ఆమెకూ సొంత పేరుకంటే అదే ముందు చెవికెక్కేది. చిన్నప్పటి పరధ్యానం కూడా అలాగే ఉండిపోయింది. ఎవరైనా గుమ్మంలో నిలబడి చెప్పాల్సిందంతా చెప్పి వెళ్లిపోయాక, "ఆఁ?" అని తలెత్తేది.

ఆమె పనిచేసేది గొంతు విభాగంలో. జబ్బు చేసి గొంతు తీసేయాల్సిన వాళ్లు అక్కడికి వస్తారు. ఇంకా మాట ఉన్నప్పుడే వాళ్లను మందపాటి దుప్పట్లు గోడలకు కొట్టిన చిన్న గదిలో కూర్చోబెట్టి, రకరకాల వాక్యాలు చదివించి రికార్డు చేస్తారు. ఆపరేషన్ అయిపోయాక ఆ మనిషి కంప్యూటర్‌లో ఏదైనా టైపు చేస్తే, ఆ రికార్డుల్లోంచి ముక్కలు ఏరి, ఒకదానికొకటి అతికి, ఆ మనిషి గొంతుతోనే పలికించే ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. దాన్ని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసింది చిక్కులమ్మ. అంతా తనే రాశానంటే మాత్రం ఒప్పుకునేది కాదు. శబ్దాన్ని చదవడానికి, లెక్కలు కట్టడానికి, ముక్కలు అతకడానికి ఎక్కడెక్కడి వాళ్లో ముందే రాసి అందరి కోసం పెట్టిన లైబ్రరీలు ఉంటాయి. అవి మళ్లీ ఇంకెవరో రాసిన లైబ్రరీల మీద ఆధారపడి నడుస్తాయి.

"నేను రాసింది గోరంత. మిగతాదంతా మొహం తెలియని చుట్టాలు చేసిపెట్టిన పని" అనేది.

ఆ ప్రోగ్రామ్‌తో మాట్లాడడం మొదలుపెట్టిన తొలి మనిషి అనౌన్సరమ్మ. ఆమె వచ్చిన రోజున ఎవరో ఏమిటో చెప్పాల్సిన పని లేకపోయింది. ఊళ్లో రైలెక్కిన ప్రతివాళ్లూ ఆ గొంతు విన్నవాళ్లే. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఆలస్యమో ఆమె చెబుతుంటే, బండి ఆలస్యమైనందుకు ఎవరికీ కోపం వచ్చేది కాదని చెప్పుకునేవారు. నిండుగా, నిదానంగా, కొంచెం కింది శ్రుతిలో ఉండేది ఆ గొంతు. రిటైరైన కొన్నాళ్లకే అందులో జీర వచ్చింది. పరీక్షలు చేశారు. గొంతు ఉండదని చెప్పారు.

దుప్పట్ల గదిలో కూర్చుని ఆమె చదివిన వాక్యాలన్నీ అర్థం పర్థం లేనివే. భాషలోని అన్ని శబ్దాలూ దొరకాలని అలా రాసిపెట్టారు. "ఆవలించిన ఒంటె అద్దంలో తన బుగ్గ చూసుకుంది" అని ఆమె ఎంతో గంభీరంగా, రైలు వస్తున్నట్టే చదివేది. బయట చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న చిక్కులమ్మ నవ్వాపుకోలేక బల్ల కింద తల పెట్టుకునేది.

ఆపరేషన్ అయ్యాక ఆమె భుజానికి ఒక చిన్న లాప్‌టాప్ వేలాడడం మొదలైంది. టైపు చేస్తే గొంతు వచ్చేది. మొదటిసారి ఇంట్లో దాన్ని తెరిచి, పక్కగదిలో ఉన్న భర్తను ఉద్దేశించి ఆమె ఏం పలికించిందో ఆసుపత్రి అంతటికీ తెలుసు: "ప్రయాణికులకు విజ్ఞప్తి. భోజనానికి రావలసిన పెయింటర్‌గారు ఎప్పటిలాగే ఆలస్యంగా నడుస్తున్నారు."

భర్త బోర్డుల పెయింటర్. దుకాణాలకూ, బళ్లకూ, స్టేషన్లకూ పేర్లు రాసి రాసి చేతివేళ్ల చివర్లకు రంగు ఇంకిపోయిన మనిషి. నోట్లోంచి మాట రావడం అరుదు. పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో మాట్లాడడం ఆమె వంతు, వినడం ఆయన వంతు.

అలా కొన్నేళ్లు గడిచాయి. తర్వాత వచ్చిన రోగులకు ఆసుపత్రి వేరే రకం ప్రోగ్రామ్ తెచ్చింది. దానికి రికార్డులు ఇంకో పద్ధతిలో చేయాలి, కాబట్టి అనౌన్సరమ్మకు అది పనికిరాదు. గొంతే లేని మనిషి చేత మళ్లీ ఏం చదివిస్తారు? పాత ప్రోగ్రామ్‌తో మాట్లాడేవాళ్లలో చివరికి ఆమె ఒక్కతే మిగిలింది.

ఒక వానాకాలం ఉదయం ఆ దంపతులిద్దరూ చిక్కులమ్మ గది గుమ్మంలో నిలబడ్డారు. ఆయన చేతిలో గొడుగు నీళ్లు కారుస్తోంది. ఆమె లాప్‌టాప్‌ను చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో గుండెకు ఆనించుకుని ఉంది.

"పలకట్లేదమ్మాయ్" అన్నాడు పెయింటర్. ఆయన నోరు తెరిచాడంటేనే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో చిక్కులమ్మకు అర్థమైపోయింది.

జరిగింది ఇది. బ్యాటరీ సరిగా నిలవడంలేదని లాప్‌టాప్‌ను ఆసుపత్రి కంప్యూటర్ సెక్షన్‌కు ఇచ్చారు. ఆ సెక్షన్ పెద్దాయనను అందరూ అప్‌డేట్ బాబాయి అంటారు. పాత సాఫ్ట్‌వేర్ కనిపిస్తే ఆయన ప్రాణం ఊరుకోదు. బ్యాటరీతో పాటు, అడక్కపోయినా, మిషన్‌లోని సాఫ్ట్‌వేర్ అంతా కొత్తది వేసి, తుడిచి, మెరిపించి ఇచ్చాడు. పాపం మంచికే చేశాడు. చిక్కులమ్మ పాత కంప్యూటర్‌కూ అదివరకే అదే మర్యాద జరిగింది.

"కూర్చోండత్తయ్యా. మామయ్యా, గొడుగు అక్కడ పెట్టండి" అని లాప్‌టాప్ అందుకుంది.

ప్రోగ్రామ్‌ను నడిపిస్తే తెర మీద ఎర్రటి వరసలు పడ్డాయి. వాటి సారాంశం: శబ్దాన్ని చదివే లైబ్రరీ కనబడటం లేదు. మిషన్‌లో వెతికితే అది ఉంది. ఉన్నదాన్ని లేదంటుందేమిటని ఆమె కాసేపు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. వాన కిటికీ అద్దం మీద దారులు తీసుకుంటూ జారుతోంది. వాటిలో ఒక చుక్క పక్క చుక్కతో కలవకుండా తన దారిన తను వెళ్లిపోవడం చూస్తూ ఉండగా, ఆమెకు వెలిగింది.

"రెండున్నాయి" అంది గాలిలోకి.

"ఏంటమ్మా?" అన్నాడు పెయింటర్.

"పైథాన్‌లు రెండున్నాయి మామయ్యా, మిషన్‌లో. పాతదొకటి, బాబాయి వేసిన కొత్తదొకటి. మన లైబ్రరీలన్నీ పాతదాని దగ్గర సర్దున్నాయి. ప్రోగ్రామ్‌ని పిలిస్తే ఇప్పుడు కొత్తది లేచొస్తోంది. దాని దగ్గర ఏమీ లేవు. అందుకే బిక్కమొహం వేస్తోంది."

ఆయన తలూపాడు. అర్థమైందని కాదు, వింటున్నానని. ఆయనకు వచ్చిన విద్య అది.

పాతదాన్ని లేపి చూస్తే అదీ పలకలేదు, దాని దగ్గరి లైబ్రరీలనూ బాబాయి అప్పటికే కొత్త వెర్షన్లకు మార్చేశాడు. కావలసిన లైబ్రరీలను ఆమె కొత్త పైథాన్ దగ్గరా వేసింది. ఇంకో ఎర్ర వరస. లెక్కలు కట్టే లైబ్రరీ ఏళ్ల క్రితం ఒక పేరుతో పిలిస్తే పలికేది, కొత్త వెర్షన్‌లో ఆ పేరే తీసేశారు. దాన్ని పాత వెర్షన్‌కు దించితే, ముక్కలు అతికే లైబ్రరీ నాకు ఇంత పాతది వద్దని మొరాయించింది. పైకెక్కిస్తే శబ్దం చదివేది వద్దంది. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు తోడికోడళ్లు. ఈమె గిన్నె పెడితే ఆమె దించుతుంది. మధ్యాహ్నం దాకా వాళ్లిద్దరికీ నచ్చజెప్పీ చెప్పీ, చివరికి అన్నిటినీ కొత్త వెర్షన్‌లకే తెచ్చి, తన ప్రోగ్రామ్‌లో మారిన పేర్లను తనే సరిచేసింది. ఈసారి ఎర్ర వరసలేవీ రాలేదు. తెర ప్రశాంతంగా ఉంది.

"అత్తయ్యా, ఏదైనా పలికించండి."

అనౌన్సరమ్మ వేళ్లు ఒకసారి నలుపుకుని టైపు చేసింది. ప్రయాణికులకు విజ్ఞప్తి, నా గొంతు వచ్చిందా?

వచ్చింది. కానీ అది ఆమెది కాదు. తొమ్మిదో పదో ఏళ్ల ఆడపిల్ల గొంతు అది. సన్నగా, గబగబా, ఊపిరి తీసుకునే తీరిక లేనట్టు, ఏదో విశేషం చెప్పడానికి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చిన పిల్లలా "ప్రయాణికులకు విజ్ఞప్తి, నా గొంతు వచ్చిందా?" అని అడిగింది.

వాన కాసేపు తగ్గినట్టు అనిపించింది చిక్కులమ్మకు. ఆ గొంతు గది మధ్యలో ఎక్కడో నిలబడి, జవాబు కోసం ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తున్నట్టుంది.

పెయింటర్ మెల్లగా లేచాడు. లాప్‌టాప్ వైపు వంగాడు.

"ఇది మీ మేడ మీది గొంతు కదే" అన్నాడు భార్యతో.

ఆమె ఆయన వంక చూసింది.

"నువ్వేనే. అచ్చం నువ్వే." ఆయన చిక్కులమ్మ వైపు తిరిగాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడడం ఆమె అంతకు ముందు చూడలేదు. "మా నాన్న కొట్టు వీళ్ల మేడకి ఎదురుగా ఉండేదమ్మా. నేను కింద రంగులు కలుపుతూ కూర్చునేవాణ్ని. ఈవిడ పైన వరండాలో నిలబడి, వీధిలో ఎవరొస్తే వాళ్ల గురించి అరిచేది. పాలాయన వస్తున్నాడు, చెప్పులు చేతిలో పట్టుకున్నాడు! టీచరమ్మ వస్తోంది, కోపంగా ఉంది! అని. ఊరందరి గుట్టూ రట్టు చేసేది. నేను తలెత్తేవాణ్ని కాను. ఎత్తితే నా గురించి ఏం అరుస్తుందోనని భయం."

అనౌన్సరమ్మ పెదవులు కదిలాయి. శబ్దం లేని నవ్వు అది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ పిల్ల గొంతును అప్పట్లో ఎవరూ రికార్డు చేయలేదు. చేసే వస్తువు ఆ ఇళ్లలో ఎవరి దగ్గరా ఉండేది కాదు. అది పోయి యాభై ఏళ్ల పైమాటే.

చిక్కులమ్మకు మాత్రం సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఏం జరిగిందో అప్పటికే ఊహించింది. అనౌన్సరమ్మ రికార్డులు ఒక వేగానికి చేసినవి, అంటే సెకనుకు శబ్దాన్ని ఇన్నిసార్లు కొలవాలని. పాత లైబ్రరీ వాటిని చదివేటప్పుడే, అడక్కపోయినా, తనకు అలవాటైన ఇంకా ఎక్కువ వేగానికి, గొంతు మారకుండా సర్ది ఇచ్చేది. ప్రోగ్రామ్ దాన్నే నమ్ముకుని ఆ వేగంతో మోగించేది. కొత్త లైబ్రరీ ఏదీ సర్దదు, ఉన్నదున్నట్టు ఇస్తుంది. ఆ సంగతి తెలియని ప్రోగ్రామ్ పాత అలవాటు కొద్దీ ఆ ఎక్కువ వేగంతోనే మోగిస్తోంది. వేగం పెరిగేసరికి శ్రుతి కూడా పైకెక్కి, పెద్దావిడ చిన్నపిల్ల అయిపోయింది.

"పొరపాటండీ అత్తయ్యా, ఇప్పుడే తీసేస్తాను" అని కీబోర్డు మీద చెయ్యి వేయబోయింది.

అనౌన్సరమ్మ ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి ఆపింది. రెండో చేత్తో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసింది. ఆ పిల్ల గొంతే చెప్పింది:

"ఆగమ్మాయ్. నా గొంతు నాకు కావాలి. కానీ ఈ పిల్లని పంపెయ్యకు."

*

ఆ సాయంత్రం ఆసుపత్రి మెట్ల మీద అప్‌డేట్ బాబాయి ఎదురయ్యాడు. సంగతి విని నొచ్చుకున్నాడు.

"దానికింత హైరానా ఎందుకమ్మా? మోగించే వేగం అంకె మార్చేస్తే పోలా?"

"మార్చి చూశాను బాబాయ్. శ్రుతి సరిపోయింది, అతుకులు పగిలాయి. ప్రతి ముక్కా ఎక్కడ కత్తిరించాలో పాత వేగంతో కొలిచి పెట్టుకున్నవి. మాట మాటకీ పటుక్కు పటుక్కుమంటోంది. ఆవిడ గొంతు చిల్లుల కంచంలా తయారైంది."

"అయితే మళ్లీ పాతవన్నీ వేస్తావా? నేను వేసిన కొత్తదాన్ని తీసేసి?" ఆయన గొంతులో కొంచెం బాధ.

"తీయను. పక్కన వేరే పెడతాను."

పైథాన్‌లో ఆ ఏర్పాటు ఉంది. ఒకే మిషన్‌లో దేనికదే విడిగా ఒక చోటు కట్టుకుని, అందులో తనకు కావలసిన పైథాన్, తనకు కావలసిన లైబ్రరీ వెర్షన్లు పెట్టుకోవచ్చు. ఒకదాని గొడవ ఇంకోదానికి అంటదు. పిల్ల గొంతు పలికే ఏర్పాటును అలా ఒకచోట భద్రంగా ఉంచి, పెద్ద గొంతు కోసం ఆమె ఇంకో చోటు తెరిచింది.

చిక్కల్లా అందులో ఏం పెట్టాలన్నదే. ప్రోగ్రామ్ రాసిన రోజుల్లో ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌దో ఆమె ఎక్కడా రాసి ఉంచుకోలేదు. అప్పట్లో ఏది తాజాగా దొరికితే అది తెచ్చుకుంది. గుర్తున్నదల్లా అది అమ్మకు కంటి ఆపరేషన్ అయిన సంవత్సరం అని. ఆ సంవత్సరంలో ఏయే వెర్షన్లు బయటికొచ్చాయో చూస్తే ఒక్కో లైబ్రరీకీ బోలెడు తేలాయి. కొన్ని కొత్త పైథాన్ మీద ఎక్కనే ఎక్కవు. కాబట్టి ముందు పైథాన్‌నే ఆ కాలానిది తెచ్చింది.

తర్వాత చెవితో వెతకడం మొదలుపెట్టింది. ఒంటె బుగ్గ వాక్యం అసలు రికార్డు దగ్గర పెట్టుకుంది. శబ్దం చదివే లైబ్రరీ వెర్షన్ల వరసలో సరిగ్గా మధ్యనున్నది వేసి, అదే వాక్యం పలికించేది. పిల్ల పలికితే, ఇంకా వెనక్కి. మిగిలిన వాటిలో మళ్లీ మధ్యది. కళ్లు మూసుకుని, హెడ్‌ఫోన్స్ లోపల ఆ గొంతును మెట్టు మెట్టుగా కిందికి దింపుతున్నట్టు ఉండేది ఆమెకు. వెర్షన్ మారేటప్పుడు తెర మీద గీత నెమ్మదిగా నిండుతుంటే, ఆ నిశ్శబ్దంలో ఆమె ఎక్కడికో పోయేది. ఎప్పుడూ చూడని మేడ వరండా ఒకటి కనిపించేది. దాని ఊచల మీద మోచేతులు ఆన్చిన పిల్ల. కింద రంగుల డబ్బాలు. తలెత్తని కుర్రాడు. వీధిలో ఎవరెవరో నడిచి వెళ్తున్నారు. వాళ్లు లైబ్రరీలు రాసినవాళ్లని ఆమెకు ఎలాగో తెలుసు. ఒక్కొక్కరూ ఏదో చిన్న మూట చంకన పెట్టుకుని ఎవరింటికో ఇవ్వడానికి వెళ్తున్నారు. పిల్ల పైనుంచి వాళ్ల పేర్లు అరుస్తోంది. పేర్లు మాత్రం వినబడేవి కావు.

గీత నిండేది. "ఆవలించిన ఒంటె" అనేది పిల్ల. ఇంకా వెనక్కి.

రెండో రోజు మధ్యాహ్నం, భోజనం గంట కొట్టి అందరూ వెళ్లిపోయాక, గీత నిండింది. కళ్లు మూసుకునే ఉంది చిక్కులమ్మ. "ఆవలించిన ఒంటె అద్దంలో తన బుగ్గ చూసుకుంది" అని నిండుగా, నిదానంగా, బండి ఆలస్యమైనా కోపం రానివ్వని గొంతు పలికింది.

ఆమె వెంటనే కళ్లు తెరవలేదు. అసలు రికార్డునూ దీన్నీ ఒకదాని తర్వాత ఒకటి విన్నది. చివర్లో ఒక అతుకు దగ్గర కొంచెం గరుకు ఉంది. దానికి కారణం ముక్కలు అతికే లైబ్రరీ. దాన్నీ ఇంకో మెట్టు దింపింది. గరుకు పోయింది. అప్పుడు, మరిచిపోకుండా, అక్కడున్న ప్రతి లైబ్రరీ పేరూ వెర్షనూ ఒక ఫైల్లోకి ఎక్కించి ప్రోగ్రామ్ పక్కనే పెట్టింది. తర్వాత తలను కుర్చీకి ఆన్చి, భోజనం సంగతే మరిచి నిద్రపోయింది. నర్సు వచ్చి తట్టి లేపితే, "ఏ ప్లాట్‌ఫారం?" అని అడిగిందట.

*

అనౌన్సరమ్మ ఇల్లు రెండు గదులది. గోడల మీద ఖాళీ కనిపించదు. పెయింటర్ రాసి, నచ్చక పక్కన పెట్టేసిన బోర్డులు నిలువునా అడ్డంగా ఆన్చి ఉంటాయి. తలుపు పక్కన "మందులు", మంచం తలవైపు "ప్రవేశం లేదు", వంటగది మీద "టికెట్లు". లాప్‌టాప్ ఇచ్చి వద్దామని వెళ్లిన చిక్కులమ్మ నవ్వుతూ "ప్రవేశం లేదు" కింద కూర్చుంది.

తన గదిలో బంగారంలా పలికిన ప్రోగ్రామ్ ఇక్కడ పలకలేదు. అనౌన్సరమ్మ తెర మీది బొమ్మను రెండుసార్లు నొక్కింది. మళ్లీ ఎర్ర వరసలు.

"నా దగ్గర బాగానే నడిచిందత్తయ్యా!" అంది చిక్కులమ్మ, చేతిలో పళ్లెం జారిపోయినంత కంగారుగా.

"మా బోర్డులూ అంతేలే" అన్నాడు పెయింటర్. "కొట్లో నిటారుగా ఉంటాయి, గోడకెక్కిస్తే వంకర."

ఆ మాట విని ఆమె ఊపిరి పీల్చుకుంది. తన గదిలో తను ముందు ఆ విడి చోటును తెరిచి, అందులోంచి ప్రోగ్రామ్‌ను పిలిచింది. ఇక్కడ అనౌన్సరమ్మ నొక్కిన బొమ్మకు ఆ సంగతి తెలియదు. అది నేరుగా మిషన్‌లోని మామూలు పైథాన్‌ను లేపుతోంది. ఆ బొమ్మ వెనక ఉన్న దారిని మార్చి, సరైన చోటున్న పైథాన్ దగ్గరికి తిప్పింది. దాని పక్కనే ఇంకో బొమ్మ పెట్టి, దాని దారిని పిల్ల గొంతు ఉన్న చోటికి తిప్పింది.

"వీటికి పేర్లేం పెట్టమంటారు?"

అనౌన్సరమ్మ భర్త వైపు చేత్తో చూపించింది. పేర్లు రాయడం ఆయన పని కదా. ఆయన చాలాసేపు ఆలోచించి, "పెద్దది స్టేషన్. చిన్నది వరండా" అన్నాడు.

ఆమె స్టేషన్ నొక్కింది. టైపు చేసింది. ఆ ఇంట్లో కొన్నాళ్లుగా లేని గొంతు లేచింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. మన చిక్కులమ్మ ఎక్స్‌ప్రెస్ క్షేమంగా చేరుకున్నది. పెయింటర్‌గారు వెంటనే టీ పెట్టవలసిందిగా కోరడమైనది."

పెయింటర్ "టికెట్లు" కిందినుంచి వంటగదిలోకి వెళ్లాడు. గిన్నె చప్పుడు వినిపించింది, అంతలోనే ఆగిపోయింది. చిక్కులమ్మ తొంగి చూసింది. ఆయన పొయ్యి వెలిగించకుండా, అగ్గిపెట్టె పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది.

టీ తాగాక అనౌన్సరమ్మ వరండా బొమ్మ మీద వేలు పెట్టి, చిక్కులమ్మ వంక చూసి, కళ్లతోనే బయటికి చూపించింది. కొంచెం సేపు బయట ఉండమని. చిక్కులమ్మ వెళ్లి గుమ్మం అవతల మెట్టు మీద కూర్చుంది. వాన వెలిసి వీధి మెరుస్తోంది. లోపలినుంచి ఆ సన్నటి గొంతు గబగబా ఏదో చెబుతోంది, మధ్య మధ్య ఆయన "ఊఁ", "ఊఁ" అంటున్నాడు. ఒకసారి ఆయన గట్టిగా నవ్వాడు. మాటలేవీ తెలియలేదు. చెవులు రిక్కించి వినాలని కూడా ఆమెకు అనిపించలేదు. నీళ్లలో పడిన ఆకాశం మీదుగా ఎవరో సైకిలు తొక్కుకుంటూ వెళ్లారు.

*

ఆ తర్వాత చిక్కులమ్మ పని తీరు మారింది. కొత్తగా వచ్చే ప్రతి రోగి గొంతుకూ ఆమె విడిగా ఒక చోటు కట్టి, వెర్షన్లన్నీ రాసి పెట్టడం మొదలుపెట్టింది. మిషన్లలో జాగా తినేస్తున్నావని అప్‌డేట్ బాబాయి సణిగేవాడు. కానీ ఏ మిషన్ ముట్టుకోవాలన్నా ముందు మెట్లెక్కి వచ్చి, "చిక్కులమ్మా, ఇందులో ఎవరున్నారు?" అని అడగడం అలవాటు చేసుకున్నాడు. ఎవరూ లేరంటేనే అప్‌డేట్ చేసేవాడు.

అనౌన్సరమ్మ బజారుకు వెళ్లినా, డాక్టరు దగ్గరికి వచ్చినా స్టేషన్ గొంతుతోనే మాట్లాడేది. వరండా సంగతి ఆ ఇద్దరికీ చిక్కులమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు.

వానలు పోయి ఎండలు ముదిరిన ఒక పగటిపూట పెయింటర్ ఒక్కడే వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు. గుమ్మంలో నిలబడి చాలాసేపు నేల చూశాడు.

"ఏమైంది మామయ్యా? మళ్లీ పలకట్లేదా?"

"అది బ్రహ్మాండంగా పలుకుతోంది." ఆయన దుప్పట్ల గది వైపు చూశాడు. "నా గొంతు కూడా రికార్డు చేస్తావామ్మా? నాకు జబ్బేం లేదు. ఆవిడే పంపింది. నువ్వు జన్మలో నాలుగు మాటలు మాట్లాడలేదు, రేపు ఒకవేళ నువ్వు లేకపోతే నేను ఏం వినాలి, అని తగువు పెట్టుకుంది."

"ఏ గొంతుతో?"

"చిన్నదానితో. దానికైతే నేను ఎదురు చెప్పలేనని తెలుసు."

జబ్బు లేనివాళ్లకు రికార్డు చేయవచ్చో లేదో చిక్కులమ్మ ఎవరినీ అడగలేదు. ఆయనను లోపల కూర్చోబెట్టి, మైకు ఎత్తు సరిచేసి, వాక్యాల కాగితాలు చేతికిచ్చింది. బయటికి వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. కాగితం చప్పుడు వినిపించింది. గొంతు సవరించుకోవడం వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, ఊపిరి తప్ప. ఆమె తొందరపెట్టలేదు. కళ్లు మూసుకుని, రికార్డింగ్ ఆపకుండా, ఆ ఊపిరినే వింటూ కూర్చుంది.

"మొత్తం చదవాలా?" అన్నాడాయన లోపలినుంచి, భయంభయంగా.

"మొత్తం మామయ్యా. నిదానంగా."

ఆయన మొదటి అక్షరం దగ్గర ఆగి, బోర్డు మీద కుంచె ఆన్చేముందు ఊపిరి బిగబట్టినట్టు బిగబట్టి, చదవడం మొదలుపెట్టాడు.